పెట్టెలో నూట ఎనిమిది ముక్కలు

మంగళవారం పొద్దున కరుణ తన బల్ల మీది పెట్టెలోని గుడ్డముక్కలను మూడోసారి లెక్కపెట్టింది. మూడుసార్లూ నూట ఎనిమిదే వచ్చాయి. ఆమె లెక్క ప్రకారం ఉండవలసినవి రెండువందల పది. తక్కిన నూట రెండు ఏమైనట్టు? శనివారం సాయంత్రంలోగా ఈ ప్రశ్నకు మిల్లు యజమాని సేఠ్‌కు రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబును బట్టి బిక్షపతి ఈ మిల్లులో ఉంటాడో పోతాడో తేలుతుంది.

బిక్షపతి ఆమెకు పరాయివాడు కాడు. జగిత్యాల దగ్గరి ఒక పల్లె నుంచి ముప్ఫై ఒక్కేళ్ల కిందట సూరత్‌కు వచ్చి, సచిన్‌ పారిశ్రామికవాడలో కరుణ తండ్రి పక్కనే సాంచెలు నడిపినవాడు. మరమగ్గాన్ని అక్కడి తెలంగాణవాళ్లు సాంచె అంటారు. ఒకప్పుడు ఒక్కడే ఎనిమిది సాంచెల మధ్య పన్నెండు గంటలు నడిచేవాడు. నాలుగేళ్ల కిందట మోకాళ్లు మొరాయించాయి. వేరే మిల్లయితే అప్పుడే ఇంటికి పంపేవారు. ఇక్కడ మూలన పాత సాంచె ఒకటుంది, కొత్త నమూనాలు నేసి చూపడానికి. ముందు చిన్న స్టూలు వేసుకొని కూర్చుని నేయవచ్చు. ఆ శాంపిల్‌ సాంచె బిక్షపతికి దక్కింది. అది పోతే ఆయన చేయగల పని ఆ ఊళ్లో మరొకటి లేదు. యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఆ మోకాళ్లతో, ఏ మిల్లూ తీసుకోదు. అందులోనూ నమూనాలు దొంగిలించాడన్న పేరు వెంట ఉంటే సచిన్‌లో ఏ గేటు దగ్గరా నిలబడనివ్వరు.

కరుణ ఉన్‌ అనే మిల్లుకార్మికుల బస్తీలోనే పుట్టి పెరిగింది. చిన్నప్పుడు బిక్షపతి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని బడికి వెళ్లిన రోజులున్నాయి. ఇంగ్లిషు మీడియంలో చదివి, స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ తెచ్చుకొని, ఇప్పుడు ఇదే మిల్లు ఆఫీసులో నమూనాల రిజిస్టరు చూస్తోంది. సేఠ్‌ ఈ విచారణను ఆమెకు అప్పగించడానికి రెండు కారణాలు. ఆమెకు లెక్క తెలుసు. ఆమెకు ఆ మనిషి తెలుసు. రెండో కారణం తన తూకాన్ని చెడగొట్టకూడదని కరుణ మొదటి రోజే నిశ్చయించుకొంది.

పని ఇలా మొదలైంది. మెడ చుట్టూ వేసుకొనే స్టోల్‌ ఒకటి తయారుచేయాలి. తెల్లని బట్ట, సరిగ్గా నడుమ ఏడు అడ్డపట్టీలు. మూడు ఎరుపు, రెండు పసుపు, రెండు ఆకుపచ్చ. ఏ రంగు ఏ చోట రావాలన్నది కొనేవాడు ఎంచుకొంటాడు. అందుకని ఈ ఏడు పట్టీలను ఎన్ని వరుసల్లో పేర్చవచ్చో అన్నీ నేసి చూపమని సేఠ్‌ బిక్షపతికి చెప్పాడు. ఆయన ఆరువారాలు కూర్చుని, బెత్తెడు బెత్తెడు ముక్కలు నేసి ఇచ్చాడు. ఆఫీసులో కరుణే ఒక్కో ముక్కకు పైఅంచున గుండుసూదితో నంబరు చీటీ గుచ్చి పెట్టెలో సర్దింది. వరుసలను పై నుంచి కిందికి చదివి రిజిస్టరులో రాసుకొంది. ఎన్ని ఉండాలన్న ప్రశ్న అప్పటికి ఎవరికీ రాలేదు. పెట్టె దలాల్‌ చేతికి వెళ్లి, రింగురోడ్డు బట్టల మార్కెట్లో ఎనిమిది రోజులు తిరిగి వచ్చింది.

తరవాత పదిహేను రోజులకు అదే మార్కెట్లో, ఇచ్ఛాపూర్‌ వైపు ఒక మిల్లు వారి దుకాణంలో, అచ్చం అలాంటి స్టోల్‌ కనిపించింది. అవే రంగులు, అవే ఏడు పట్టీలు. దాన్ని కొనుక్కొచ్చి కరుణ బల్ల మీద పడేసినవాడు పరమేశ్వర్‌. మిల్లులో ఆయన మాస్టర్‌. నేతగాళ్లందరి మీదా అజమాయిషీ ఆయనదే.

"చూడు కరుణమ్మా. పై నుంచి సదువు. పసుపు, రెండెర్రలు, పచ్చ, పసుపు, ఎర్ర, పచ్చ. గిది మన పెట్టెల ఉన్నదా?"

కరుణ రిజిస్టరు మొత్తం వెదికింది. అలాంటి వరుస లేదు.

"మన పెట్టెల లేదు. బయట ఉన్నది. అంటే ఏంది? నేసినోడు నేసిండు, మనకియ్యలే. వేరేటోనికి ఇచ్చిండు. గింత సీదా ముచ్చటకు ఇంగ విచారణేంది?"

"మాస్టర్‌, పెట్టెలో ఎన్ని ఉండాలో ముందు తేలాలి కదా. అది తేలకుండా తక్కువైనయని ఎట్ల అంటం?"

ఎన్ని ఉండాలన్న దానికి సేఠ్‌ దగ్గర అప్పటికే ఒక అంకె ఉంది. ఆయనకు తెలిసిన లెక్కల మనిషి ఎవరో ఫోనులో చెప్పాడట: ఏడు వస్తువులను ఐదువేల నలభై రకాలుగా పేర్చవచ్చని. ఐదువేల నలభైకి నూట ఎనిమిది! సేఠ్‌ ముఖం ఎర్రబడింది. "ఏక్‌ సౌ ఆఠ్‌? మాల తిప్పుతున్నాడా కూర్చుని?" అన్నాడు.

ఆ మాటకు పరమేశ్వర్‌ నవ్వాడు. కరుణకు మాత్రం అది నవ్వుమాటగా తోచలేదు. నూట ఎనిమిది అనే అంకెలోనే ఏదో తేడా ఉందనిపించింది. జపమాలలో పూసల సంఖ్య, అష్టోత్తరంలో నామాల సంఖ్య. లెక్క తెలియని భక్తుడు పని ఎక్కడో ఒకచోట ఆపాలనుకొంటే సరిగ్గా అక్కడే ఆపుతాడు. బిక్షపతి మంగళవారం ఉపవాసం చేసే మనిషి.

అయినా న్యాయం న్యాయమే. ఐదువేల నలభై తప్పని ఆమె సేఠ్‌కు ఆ పూటే వివరించింది. ఏడు కండెలు తెప్పించి బల్ల మీద వరసగా పెట్టింది. కండె అంటే పేక నూలు చుట్టిన చిన్న గొట్టం. పడుగు నడుమ అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టేది. ఎర్రకండెలు రెండింటిని ఒకదాని చోట ఒకటి మార్చి, "ఇప్పుడు వరస మారిందా?" అని అడిగింది. కండెలు మారాయి. నేస్తే వచ్చే బట్ట మారలేదు. ఏ ఎరుపు ముందు నేశారో బట్టకు తెలియదు. మూడు ఎరుపులు తమలో తాము ఆరు రకాలుగా చోట్లు మార్చుకోగలవు. పసుపులు రెండు రకాలుగా, పచ్చలు రెండు రకాలుగా. ఆరును రెండుతో, మళ్లీ రెండుతో గుణిస్తే ఇరవై నాలుగు. అంటే ఒక్కొక్క బట్టను ఆ పెద్దమనిషి ఇరవై నాలుగుసార్లు లెక్కపెట్టాడన్నమాట. ఐదువేల నలభైని ఇరవై నాలుగుతో భాగిస్తే రెండువందల పది. అసలైన అంకె అది.

సేఠ్‌ తల ఊపాడు. "అయితే రెండువందల పది. మరి నూట రెండు ఎక్కడ?"

ఆ ప్రశ్నతో కరుణ తన తర్కానికి తానే చిక్కింది. ఐదువేల నేరం నుంచి బిక్షపతిని తప్పించిన లెక్కే నూట రెండింటి నేరాన్ని ఆయన నెత్తిన పెట్టింది. పైగా ఇప్పుడది గాలిమాట కాదు, పద్ధతిగా తేలిన మాట.

బుధవారం ఆమె శాంపిల్‌ సాంచె దగ్గరికి వెళ్లింది. బిక్షపతి నాడె ఆపి, స్టూలు మీద నుంచే తల పైకెత్తాడు.

"పెద్దబాపూ, స్టోల్‌ ముక్కలు ఎన్ని నేసినవు?"

"ఉన్నన్ని నేసిన."

"ఎన్నున్నయి?"

"పెట్టెల లేవా? లెక్కవెట్టుకో."

"పెట్టెలో నూట ఎనిమిదున్నయి. ఇంకో నూట రెండు ఉండాలె."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేవు బిడ్డా."

"నేయలేదా, నేసినవి లేవా?"

"ఇంగ లేవంటె లేవు. ఉన్నన్ని నేసిన అంటున్న గదా. గిదే మాట ఎన్నిసార్లు అడుగుతరు? పొద్దుగాల పరమేశం అడిగె, ఇప్పుడు నువ్వడుగుతున్నవు." నాడె మళ్లీ కదిలింది. ఆ చప్పుడులో తరవాతి ప్రశ్నకు చోటు లేకపోయింది.

నిజం చెప్పే మనిషి కోపగించుకోవచ్చు. దొంగ కూడా కోపగించుకోవచ్చు. కాబట్టి ఆ కోపాన్ని కరుణ ఏ పక్కనా వేయలేదు. కాని సాంచె పక్క గోడమేకుకు వేలాడుతున్న ఒక వస్తువు ఆమె కంటబడింది. రంగురంగుల దారాల గుత్తి. జానెడు పొడవున్న తెల్లదారాలు, ఒక్కోదాని మీద రంగు నూలుతో వేసిన ముడులు. ఆమె చూపు అటు తిరగడం గమనించి బిక్షపతి చేయి చాచి గుత్తిని తీసి అంగీ జేబులో పెట్టుకొన్నాడు.

ఈ సంగతి చెబితే పరమేశ్వర్‌ చిటికె వేశాడు. "గది రోజు ఇంటికి తీస్కపోతడు. రోజు! నేను ముట్టుకోబోతె మీదికొచ్చిండు, చిక్కువడతదట. శనివారం శనివారం ఒక సంచి సుత తీస్కపోతడు. అండ్ల ఏముంటదో ఆయనకెరుక, ఆ దేవునికెరుక. ఇంకో ముచ్చట చెప్పాల్నా? కనకవ్వ చెల్లె వజ్రమ్మ లేదూ, ఆమె ఉండేది యాడ? ఇచ్ఛాపూర్‌ల."

కనకవ్వ బిక్షపతి భార్య. ఆమెకూ అదే మిల్లులో పని, సాంచె మీది నుంచి వచ్చిన బట్టను కోసి, పోగులు కత్తిరించడం. భార్యాభర్తలు ప్రతి ఆదివారం వజ్రమ్మ ఇంటికి వెళ్లివస్తారని ఉన్‌లో అందరికీ తెలుసు. కరుణకూ తెలుసు. నిన్నటిదాకా అది చుట్టరికం. ఇవాళ సాక్ష్యం.

ఆమె ఒక కాగితం తీసి, నడుమ గీత గీసి, ఒక వైపు రాసుకొంది. నూట రెండు ముక్కలు లేవు. బజారులో దొరికినది లేని వాటిలో ఒకటి. నేసిన మనిషి సమాధానం చెప్పడు. గుర్తులున్న దారాలు బయటికి వెళుతున్నాయి. అవతలి మిల్లు ఉన్న ఊరికి వారంవారం రాకపోకలున్నాయి. మరో వైపు రాయడానికి ఆమెకు దొరికినది ఒక్కటే: ముప్ఫై ఒక్కేళ్లలో ఆ మనిషి మీద ఒక్క ఫిర్యాదు లేదు. అది మంచితనానికి నిదర్శనమే గాని ఈ నేరానికి జవాబు కాదు. ఆ వాక్యం కూడా కింద రాసింది.

శనివారం మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళ గేటు దగ్గర కరుణ స్వయంగా నిలబడింది. పని ముగించి వచ్చేవాళ్లు అందరూ చూస్తుండగానే బిక్షపతిని ఆపి, సంచి తెరవమంది.

"నన్నా?" అన్నాడాయన.

"రూలు అందరికీ ఒకటే, పెద్దబాపూ."

"అందరియి తెరిచినవా మరి?"

తెరవలేదు. ఆ మాట ఆమెకు తగలవలసిన చోటే తగిలింది. అయినా ఆమె చేయి చాచే ఉంచింది. సంచిలోంచి తెల్లని బట్టంచు పేలికలు బయటపడ్డాయి, పిడికెళ్ల కొద్దీ. సాంచె మీద బట్ట రెండు అంచులా కత్తిరించగా మిగిలే పనికిరాని పోగులు. వజ్రమ్మ వాటితో బొంతలు కుట్టి అమ్ముకొంటుంది. పనికిరానివే అయినా చీటీ లేకుండా గేటు దాటించడం మిల్లు నియమానికి విరుద్ధం. ఆ పేలికల అడుగున దారాల గుత్తి ఉంది.

పరమేశ్వర్‌ దాన్ని పైకెత్తి అందరికీ చూపాడు. "ఒక్కొక్క దారం మీద ఏడేడు ముళ్లు. ఎర్ర మూడు, పసుపు రెండు, పచ్చ రెండు. మన డిజైన్లన్ని దారాల మీదికెక్కించి మోసుకపోతున్నడు. ఇంగేం గావాలె?"

"గది నా లెక్క," అన్నాడు బిక్షపతి. "నేసినదానికి ఒక దారం. మళ్ల గదే నేయకుండ చూసుకునేటందుకు. ఇంట్ల కూసుండి రేపటిది కట్టుకుంటుంటి. గదే అలవాటుకు ఇంకా తీస్కపోతున్న. నాకు సదువు రాదాయె, రాసుకునుడు రాదాయె. లెక్క ఇంకెట్ల వెట్టుకోవాలె?" సంచి అక్కడే వదిలి, మోకాలు పట్టుకొని ఒక్కో అడుగూ వేసుకొంటూ బయటికి వెళ్లిపోయాడు.

కరుణ గుత్తిని ఆఫీసుకు తెచ్చి దారాలు లెక్కపెట్టింది. నూట ఎనిమిది. పెట్టెలో ఎన్ని ముక్కలో అన్ని దారాలు. ఇది ఆయనకు అనుకూలమా, ప్రతికూలమా? దాచిన నూట రెండింటికి వేరే గుత్తి ఉండి ఉండవచ్చు. లేదా అసలు నేయనేలేదేమో. కాని నేయకపోతే బజారులోకి అది ఎలా వచ్చింది? ఆమె సేఠ్‌కు ఇవ్వవలసిన కాగితం తీసి మొదటి వాక్యం రాసింది. రెండో వాక్యం మొదలుపెట్టేలోగా తలుపు తోసుకొని కనకవ్వ వచ్చింది.

నమస్కారం లేదు, పలకరింపు లేదు. బల్లకు అవతలి వైపు కుర్చీ లాక్కొని, కరుణకు ఎదురుగా కూర్చుంది.

"ఏమే పిల్లా. మీ అమ్మ జరంతో పడితె నెల దినాలు నీకు బువ్వ వెట్టింది నేను. నా మొగని సంచి నలుగుట్ల దులుపుతవా? దులుపు. ఇగో, నా కొంగు సుత దులుపు. ఏం దొరుకుతదో చూడు."

"పెద్దమ్మా, కోపం వద్దు. పేలికలకు చీటీ తీసుకోవాల్సింది, తీసుకోలేదు. అది తప్పే."

"తప్పే. చెత్తకుప్పల పడేటియి తీస్కపోయినం, తప్పే. దానికేం దండుగ ఏస్తరో ఏయుండ్రి. డిజైన్లు దొంగిలిచ్చిండని ఎట్లంటరు?"

కరుణ బజారు స్టోల్‌ను ఆమె ముందు పరిచింది. "ఇది చూడు. మన పెట్టెలో లేని వరస. మరి వాళ్లకెట్ల దొరికింది?"

కనకవ్వ దాన్ని ముట్టుకోలేదు. వంగి చూసింది. "లేకేంది? నేనే కోసిన దీన్ని."

కరుణ కలం కింద పెట్టింది. భార్య నోటి నుంచే ఒప్పుకోలు వచ్చిందనుకొంది. "అంటే ఇది పెద్దబాపే నేసిండా? ఎప్పుడు కోసినవు? ఎవరికిచ్చినవు?"

"ఎవరికిస్త? నీకే ఇచ్చిన. పచ్చ, ఎర్ర, పసుపు, పచ్చ, రెండెర్రలు, పసుపు. నడుమ పచ్చ మంచిగ రాలేదని ఆయనతోని తగాద సుత వెట్టుకున్న. చూడు పెట్టెల."

కరుణ స్టోల్‌ వంక చూసింది. తనకు పై నుంచి పసుపు, రెండు ఎరుపులు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. కనకవ్వ చదివినది వేరు. ముసలామె రంగులు కూడా సరిగా చెప్పలేకపోతోందా, భర్తను కాపాడుకోవడానికి నోటికొచ్చినది చెబుతోందా? రెండోదే అయి ఉండాలనుకొంటూ రిజిస్టరు తెరిచి ఆమె చెప్పిన వరుసను వెదికింది. అరవై మూడో నంబరు. పచ్చ, ఎరుపు, పసుపు, పచ్చ, ఎరుపు, ఎరుపు, పసుపు. పెట్టెలోంచి ఆ ముక్క తీసింది. నడుమ పచ్చపట్టీ నిజంగానే పలచగా ఉంది.

"మళ్లీ చదువు పెద్దమ్మా. స్టోల్‌ మీద వేలుపెట్టి చదువు."

కనకవ్వ తన వైపు అంచు నుంచి మొదలుపెట్టి వేలు ఒక్కో పట్టీ మీదా ఉంచుతూ కరుణ వైపుకు జరిపింది. బల్లకు అటు కూర్చున్న మనిషికి అటే పైన. కరుణ లేచి, స్టోల్‌ను పట్టుకొని, ఆ కొస ఈ కొసకు వచ్చేలా తిప్పి, అరవై మూడో ముక్క పక్కన పరిచింది. ఏడు పట్టీలకు ఏడు పట్టీలు కలిశాయి.

"సాంచె మీద కూసున్నాయనకు బట్ట ఒక దిక్కు నుంచి కనవడతది," అంది కనకవ్వ, చిన్నపిల్లకు చెబుతున్నట్టు. "ఎదురుంగ కూసోని కోసే నాకు ఇంకో దిక్కు నుంచి కనవడతది. మొదట్ల ఆయన ఓటి నేస్తె, 'గిది నిన్న కోసినదే గదయ్యా' అన్న నేను. కాదంటడు ఆయన. తిప్పి చూపిస్తె అప్పుడు నోరు మూసి, గా ముక్కను పోగులు ఊడవీకిండు. గప్పటి సంది దారం కట్టుడు మొదలువెట్టిండు. దారానికి తలేది, తోకేది? ఎటువట్టుకున్న దారమే."

కరుణ వెంటనే నమ్మలేదు. ఒక్క ముక్క కలిసినంత మాత్రాన నూట ఒకటి కలిసినట్టు కాదు. పెట్టెలో లేని వరుసలన్నిటినీ కాగితం మీద రాసింది. కళ్లు మూసుకొని వాటిలో ఒకదాని మీద వేలుపెట్టి, దాన్ని తిరగేసి రాసి, రిజిస్టరులో వెదికింది. దొరికింది. ఇంకొకటి. దొరికింది. అప్పుడు వరసగా అన్నిటికీ అదే చేసింది. కనకవ్వ ఎదురుగా కూర్చుని, ఎవరో తెచ్చిన చాయ తాగుతూ, "ఇంగెన్నున్నయే?" అని అడుగుతూనే ఉంది. నూట రెండుకు నూట రెండూ పెట్టెలో ఉన్నాయి, తలకిందులుగా. కాదు, తలకిందులన్న మాట కూడా సరికాదు. ఆ ముక్కలకు తల పెట్టినది ఆమె గుచ్చిన చీటీ.

మిగిలిన ఆరు ముక్కలను ఆమె విడిగా తీసింది. ఎటు తిప్పినా ఒకేలా ఉండేవి. నాలుగో పట్టీ ఎరుపు, దానికి ఇరుపక్కలా ఒకే క్రమంలో ఎరుపు, పసుపు, పచ్చ. ఆ మూడు రంగులను ఆరు రకాలుగానే పేర్చగలం కాబట్టి అలాంటివి ఆరే ఉండాలి. ఆరే ఉన్నాయి. రెండువందల పదిలో ఆ ఆరు పోగా రెండువందల నాలుగు, రెండేసి జతలైతే నూట రెండు, మళ్లీ ఆరు కలిపితే నూట ఎనిమిది. ఒక్కటి తక్కువ లేదు, ఒక్కటి ఎక్కువ లేదు. ఏ ఎరుపు ముందో బట్టకు తెలియదని సేఠ్‌కు పాఠం చెప్పిన మనిషి, ఏ కొస ముందో కూడా బట్టకు తెలియదన్న తరవాతి మెట్టు దగ్గర ఆగిపోయింది. అక్షరం రాని మనిషి ఆగలేదు.

సాయంత్రంలోగా ఆమె కాగితం పూర్తిచేసింది. నమూనాలన్నీ పెట్టెలో ఉన్నాయి, దాచినది ఏదీ లేదు. బజారులో దొరికినది అరవై మూడో నంబరే. ఆ పెట్టె ఎనిమిది రోజులు మార్కెట్లో చేతులు మారింది కాబట్టి నకలు ఎవరు తీశారో చెప్పడానికి ఆధారం లేదు, ఆ అనుమానం బిక్షపతి మీద ఎంతో పెట్టెను చూసిన ప్రతి ఒక్కరి మీదా అంతే. చీటీ లేకుండా అంచుపేలికలు తీసుకువెళ్లడం నియమభంగం, దానికి మందలింపు చాలు. గేటు దగ్గర అందరినీ వదిలి ఒక్కరి సంచే వెదకడం ఈ కాగితం రాసిన మనిషి చేసిన తప్పు. ఐదో వాక్యం సేఠ్‌కు అనవసరం. అయినా ఆమె దాన్ని కొట్టివేయలేదు.

సేఠ్‌ ముక్కలను తానే తిప్పి తిప్పి చూసుకొని ఒప్పుకొన్నాడు. పరమేశ్వర్‌ పూర్తిగా ఒప్పుకోలేదు. "లెక్క సరే. మనిషి సంగతి మనిషిదే," అన్నాడు.

సోమవారం బిక్షపతి ఎప్పటిలాగే స్టూలు మీద ఉన్నాడు. కరుణ దారాల గుత్తిని తెచ్చి మేకుకు తానే తగిలించింది.

"ఆరోజు చెప్పొచ్చు కదా పెద్దబాపూ, తిప్పితే అదే వస్తదని."

"నువ్వడిగినవా? 'ఇంకో నూట రెండు ఉండాలె' అన్నవు. దొంగనడిగినట్లడిగినవు. అయినా గది చెప్పేదుంటదనుకోలే. నువ్వు సదువుకున్నదానివి, నీకెరుకనే అనుకున్న." చేతిలోని కండెలు సర్దుకొంటూ అన్నాడు: "నా మాట మీద నమ్మకం లేకపాయె."

"లేకుండె. లెక్క మీదుండె. ఆ లెక్క సగంలో వదిలేసిన."

ఆయన సాంచె మీదికి ఎక్కిస్తున్న కొత్త పడుగును చూపాడు. ఈసారి చీరలు. కొంగు మీద అవే ఏడు పట్టీలు, అవే మూడు రంగులు, అన్ని వరుసలూ కావాలని సేఠ్‌ హుకుం.

"దీనికెన్నయితయి, చెప్పు," అన్నాడు.

"నూట ఎనిమిది," అంది కరుణ.

బిక్షపతి వారం రోజుల్లో మొదటిసారి నవ్వాడు. "కొంగు బిడ్డా ఇది. ఒక దిక్కు కుచ్చులు, ఒక దిక్కు చీర. తిప్పి కట్టుకుంటరా ఎవరన్న? దీనికి తల ఉంటది, తోక ఉంటది. గీసారి నీ రెండువందల పదే సరి."

ఆమె మేకు మీది గుత్తి వైపు, ఆయన చేతిలోని కండెల వైపు చూసింది. ఆఫీసుకు వెళ్లి కాగితం మీద ఒకసారి సరిచూసుకొన్నాకే రిజిస్టరులో రెండువందల పది అని రాసింది.

ఆ శనివారం నుంచి గేటు దగ్గర అందరి సంచులూ తెరిచి చూసే పద్ధతి వచ్చింది. బిక్షపతి తన వంతు రాకముందే సంచి విప్పి, పేలికల మీద చీటీ పెట్టి, కరుణ ముందు నిలబడ్డాడు. మొహం పక్కకు తిప్పుకొన్నాడు. చూడకుండానే వెళ్లమనడం ఆమెకు సులువే. ఆమె అలా అనలేదు. చీటీ చదివి, అడుగుదాకా చూసి, "సరే పెద్దబాపూ" అని సంచి మూతి తానే ముడివేసి ఇచ్చింది. తరవాత వరుసలో నిలబడ్డ పరమేశ్వర్‌తో, "మాస్టర్‌, మీది కూడా" అంది.